మూడు కిళ్ళీల పూత

చిలకలపూడిలో తరతరాలుగా జరిగేది ఒకటే పని. రాగికి బంగారు పూత పెడతారు. అలాంటి ఊళ్ళో బంగారు పూతను ఊడదీసి రాగిని బయటపెట్టిన ఘనుడు ఇప్పటిదాకా ఒక్కడే. వాడు ఆ ఊళ్ళో పుట్టినవాడు కూడా కాదు, గుడివాడ నుంచి వచ్చిన అల్లుడు. ఆ అల్లుణ్ణి నేనే. అదెలా జరిగిందో చెప్తాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి. మా ఇంట్లో ఆ సంగతి వచ్చినప్పుడు నవ్వడానికి నాకు మాత్రం ఇంకా అనుమతి రాలేదు.

చిలకలపూడి బందరులోనే ఒక మూల. పెళ్ళికి వేసుకెళ్ళినప్పుడు ఎవరైనా "బంగారమేనా వదినా" అంటే చిన్నగా నవ్వి ఊరుకునే గాజులు మీ ఇంట్లో ఉంటాయి చూశారూ, అవి చాలావరకు అక్కడివే. మా మావయ్యగారికి ఇంటి వెనక చిన్న కార్ఖానా ఉంది. అందులో ఒక తొట్టి, తొట్టిలో బంగారం కరిగించిన నీళ్ళు, పక్కన రెక్టిఫయర్ అనే ఇనుప పెట్టె. పెట్టె నుంచి తొట్టిలోకి రెండు వైర్లు. ఎర్ర వైరుకు స్టీలు రేకు తగిలిస్తారు, నల్ల వైరుకు నగ తగిలిస్తారు. మీట నొక్కితే నీళ్ళలో ఉన్న బంగారం వెళ్ళి నగ మీద కూర్చుంటుంది. చూడడానికి ఇంతే. ఈ ఇంతే పనిని ఆయన ముప్ఫై ఏళ్ళుగా పూజలాగా చేస్తున్నారు.

ఆయనకు గడియారం అక్కర్లేదు. నగ వేలాడదీసి, మీట నొక్కి, తొట్టికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంటారు. కిళ్ళీ నోట్లో వేసుకుంటారు. గాజుకు అర కిళ్ళీ, హారానికి ఒక కిళ్ళీ. కిళ్ళీ అయ్యేదాకా మాట్లాడరు, వెనక్కి తిరగరు. పూత ఎక్కేటప్పుడు తొంగి చూస్తే దిష్టి తగులుతుందని ఆయన నియమం. ఈ నియమాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది సగం ఇదే.

మిగతా సగం నేనే. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను. ఉద్యోగం రాలేదు కానీ పెళ్ళి సంబంధం వచ్చింది. మా ఆవిడ లత బందరులో ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఉద్యోగం ఉన్న మనిషి ఊళ్ళో ఉద్యోగం లేని మనిషి ఉండడం న్యాయం కాబట్టి, కొన్నాళ్ళకని అత్తవారింటికి చేరాను. మావయ్యగారు నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అనేస్తే బాగుండేది. ఆయనకు చిరాకు పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మొదటి నెలలో "అల్లుడుగారూ, భోంచేయండి" అనేవారు. ఆర్నెల్లు తిరిగేసరికి "అల్లుడుగారూ, తమరు భోంచేస్తారాండీ" దాకా వచ్చింది. ఆ "తమరు" విన్నప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు.

మా మరదలు శ్రావణి చిన్నప్పటి నుంచీ కూచిపూడి వెళ్ళి నాట్యం నేర్చుకునేది. ఆ ఏడు ఆమె మొట్టమొదటి ప్రదర్శన కుదిరింది, ఆదివారం సాయంత్రం, కూచిపూడిలోనే. తలసామాను, వంకీలు, వడ్డాణం, జడబిళ్ళలు మొత్తం మావయ్యగారు తన చేత్తో చేస్తున్నారు. ఊళ్ళో ఆడపిల్లలందరి నగలకూ పూత పెట్టిన మనిషి, తన పిల్ల మొదటిసారి స్టేజీ ఎక్కేటప్పుడు మామూలు బంగారం వాడతాడా? తన పెళ్ళి ఉంగరం తీసి కరిగించి ఆ తొట్టిలో కలిపారు. అత్తయ్యగారు అడ్డం పడితే ఆయన ఒకటే మాట అన్నారు.

"వేలికుంటే నాకొక్కడికే కనబడుద్ది. పిల్ల మీదుంటే నలుగురూ చూస్తారు."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నోట అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదని చెప్పి అత్తయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

మొదటి పూత అయింది. రెండోది, అసలైనది, శనివారం పొద్దున పెట్టాలి. నాకు సరిగ్గా ఆ వారంలోనే బంగారం పిచ్చి పట్టింది.

ఫోనులో ఒక వీడియో చూశాను. పాత కంప్యూటర్లలో, ఫోన్లలో కొన్ని భాగాలకు నిజం బంగారం పూత ఉంటుందనీ, అది తీయొచ్చనీ అందులో ఒకాయన చెప్పాడు. మెమరీ కార్డు అంచున పసుపుపచ్చ పళ్ళు ఉంటాయి, ప్రాసెసరు కింద సూదుల్లాంటి కాళ్ళు ఉంటాయి, వాటిని గుర్తుపట్టడమే విద్య అన్నాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగులో అర్థం కాని ఎలక్ట్రానిక్స్ నాకు ఆ పన్నెండు నిమిషాల్లో అర్థమైపోయింది. ఇంట్లో తొట్టి ఉంది, పెట్టె ఉంది. కరెంటు మామూలుగా పారితే బంగారం నగ మీదకు ఎక్కుతుంది కదా, అదే కరెంటును తిరగేసి పారిస్తే పాత సామాను మీది బంగారం ఊడి స్టీలు రేకు మీదకు రావాలి. ఉంగరం కరిగించిన మావయ్యగారి చేతికి చెత్తలోంచి తీసిన బంగారంతో కొత్త ఉంగరం తొడుగుతాను. ఆ తర్వాత ఇక తమరు లేదు, గిమరు లేదు.

గురువారం గుడివాడలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టు యజమాని కరీం గారు నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగుదురు. కంప్యూటర్ల మూట ఒకటి, టీవీలు, రిమోట్లు, చార్జర్ల మూట ఇంకొకటి చూపించారు. రెండోది నాగాయలంక నుంచి వచ్చిందనీ, దివిసీమ సరుకు ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుందనీ, దాని జోలికి పోవద్దనీ చెప్పారు. నేను చేసిన మొదటి తప్పు అక్కడే. ఉప్పుగాలికి అన్నీ తుప్పు పట్టాక కూడా ఏదైనా పచ్చగా మెరుస్తుందంటే అది బంగారం కాక ఇంకేమవుతుంది? ఇంత తేలికైన పరీక్ష ఆ వీడియో ఆయనకు ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను. సముద్రం పక్కన పుట్టిన బుర్రకే తడుతుంది అనుకున్నాను. గుడివాడ పక్కన సముద్రం లేదన్న సంగతి ఆవేశంలో మర్చిపోయాను.

"ఆ మూటే ఇవ్వండి" అన్నాను.

కరీం గారు నా మొహం వంక చూశారు. "బాబూ, అందులో బంగారమే ఉంటే నేనీ ఎండలో ఎందుక్కూచుంటానయ్యా" అన్నారు.

ఆయనకు చదువు లేదులే అనుకుని మూట ఎత్తుకుని బందరు ప్యాసింజరు ఎక్కాను. పెడన దాకా ఒక పెద్దాయన ఆ మూట మీదే కూర్చుని వచ్చాడు. నా బంగారం మీద కూర్చున్నావు తాతా అని లోపల్లోపల నవ్వుకున్నాను. చిలకలపూడి స్టేషన్లో దిగి, ఇంట్లో ఎవరి కంటా పడకుండా మూట నా మంచం కిందకు తోశాను.

శుక్రవారం మావయ్యగారు, అత్తయ్యగారు, శ్రావణి రిహార్సలుకి కూచిపూడి వెళ్ళారు. లత స్కూలుకి వెళ్ళింది. ఇల్లు నాది, కార్ఖానా నాది. మూట విప్పి పరీక్ష మొదలుపెట్టాను. తుప్పు పట్టినదంతా ఒక పక్క, మెరిసేదంతా ఇంకో పక్క. అలా నేను గుర్తుపట్టిన బంగారం ఏమేమిటో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. రిమోట్లలో బ్యాటరీ ఆనే స్ప్రింగులు, ఇత్తడి మరలు, ఒక గోడ గడియారం తాలూకు పళ్ళ చక్రం, టీవీ ముందుభాగాన అంటించిన కంపెనీ పేరు అక్షరాలు రెండు. నిజంగా బంగారు పూత ఉన్న మెమరీ కార్డు కూడా ఒకటి దొరికింది. దాని మీద మట్టి పట్టి ఉండడంతో తీసి పక్కన పారేశాను.

గీటురాయి అక్కడే గూట్లో ఉంది. ఏ వస్తువైనా రాయి మీద ఒక గీత గీయందే నమ్మొద్దని మావయ్యగారు నాకు వందసార్లు చెప్పి ఉంటారు. చదువుకున్నవాడికి రాయెందుకని దాని వంక చూడలేదు.

తొట్టి దగ్గరున్న క్లిప్పులు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటితో కుస్తీ ఎందుకని, ఇంజనీరింగ్ బుర్ర వాడి, పెట్టె వెనక వైపు నుంచి వైర్లు విప్పి అటుది ఇటు, ఇటుది అటు బిగించాను. ముందు నుంచి చూస్తే ఏమీ మారినట్టుండదు. ఎరుపు ఎరుపు చోటే, నలుపు నలుపు చోటే. లోపల కరెంటు మాత్రం ఎదురు పారుతుంది. నా బంగారాన్ని రాగి తీగకు గుచ్చి తెరుచుకోని నల్ల క్లిప్పుకు వదులుగా వేలాడదీసి మీట నొక్కాను. నాకు కిళ్ళీ అలవాటు లేదు కాబట్టి బందరు లడ్డూలు ముందుపెట్టుకుని కూర్చున్నాను. ఒక లడ్డూ అయింది, రెండో లడ్డూ అయింది. తొట్టిలో నీళ్ళ రంగు కొంచెం మారింది కానీ రేకు మీద చుక్క పచ్చదనం లేదు. మూడో లడ్డూ అందుకునేసరికి వీధిలో ఆటో ఆగింది. రిహార్సలు తొందరగా అయిపోయినట్టుంది. హడావిడిగా తీగ పైకి లాగాను. సగం సామాను తొట్టిలోనే జారిపోయింది. చేతికందినది లుంగీలో మూటకట్టుకుని గదిలోకి పరిగెత్తాను.

పెట్టె వెనక వైర్ల సంగతి గుర్తే లేదు. రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

శనివారం పొద్దున మావయ్యగారు తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని కార్ఖానాలోకి వెళ్ళారు. శ్రావణి నగలన్నీ ఒక్కొక్కటే తీగకు గుచ్చి తొట్టిలోకి దించారు. నీళ్ళు కొంచెం మబ్బుగా ఉన్నాయని అనుకున్నారట గానీ, ఉంగరం కరిగించిన నీళ్ళు కదా, కొంచెం తేడా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నారట. మీట నొక్కారు. వీపు తిప్పి స్టూలు మీద కూర్చుని మొదటి కిళ్ళీ వేసుకున్నారు. కూతురి నగలు కాబట్టి రెండు కిళ్ళీల పూత పెట్టాలని ఆయన ఉద్దేశం.

నేను గుమ్మం దగ్గర నిలబడి నియమం తప్పి తొట్టి వంక చూశాను. నగలు నీళ్ళ అడుగున ఉన్నాయి, కనబడవు. స్టీలు రేకు పై అంచు మాత్రం నీళ్ళ మట్టానికి కాస్త కిందే, కనబడుతూ ఉంటుంది. ఆ అంచు మెల్లమెల్లగా పచ్చబడుతోంది. మొదట నా కళ్ళను నేనే నమ్మలేదు. కొంచెం సేపటికి సందేహమే లేదు. అచ్చమైన బంగారం రంగు. నిన్న నేను వేసిన సామాను లోంచి కరిగిన బంగారం ఇవ్వాళ తీరిగ్గా బయటికి వస్తోందన్నమాట. ఆ క్షణంలో నా అంత ఆనందంగా ఉన్న అల్లుడు కృష్ణా జిల్లాలో ఇంకొకడు లేడు.

ఇక ఆగలేకపోయాను. మావయ్యగారి ఎదుట నిలబడి మొత్తం చెప్పేశాను. చెత్తలో బంగారం ఉంటుందనీ, దాన్ని గుర్తుపట్టడం అందరివల్లా కాదనీ, దివిసీమ ఉప్పుగాలి పరీక్ష నేనే కనిపెట్టాననీ, ఇకమీదట ఆయన ఉంగరాలు కరిగించే అవసరం రాదనీ అన్నాను. నోట్లో కిళ్ళీ ఉంది కాబట్టి ఆయన మాట్లాడలేదు. తల ఊపారు. నా మాటలకు ఆయన తల ఊపడం అదే మొదటిసారి. రెండో కిళ్ళీ కూడా అయిపోవచ్చింది, ఆయన లేవబోయారు. రేకు మీద నా బంగారం ఇంకా ఎక్కుతోంది. మధ్యలో ఆపితే ఎలా?

పళ్ళెంలో మిగిలిన కిళ్ళీ తీసి నా చేత్తో ఆయనకు అందించాను. "ఇంకొకటి వేసుకోండి మావయ్యగారూ. శ్రావణి మొదటి స్టేజీ కదా, పూత గట్టిగా పట్టనివ్వండి" అన్నాను.

కూతురి పేరు వినగానే ఆయన కరిగిపోయారు. మూడో కిళ్ళీ వేసుకున్నారు. ఆ కిళ్ళీ నమిలినంతసేపూ నా వంక ప్రేమగా చూశారు. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

తర్వాత ఆయన లేచి, నోరు కడుక్కుని, తీగ పట్టుకుని పైకి లాగారు.

వడ్డాణం ఎర్రగా వచ్చింది. వంకీలు ఎర్రగా వచ్చాయి. తలసామాను ఎర్రగా వచ్చింది. పొద్దున పచ్చగా వెళ్ళిన నగలు ఒక్కటీ పచ్చగా రాలేదు, అన్నీ వట్టి రాగి. ఆయన వాటిని మళ్ళీ నీళ్ళలో ముంచి మళ్ళీ తీశారు. అవి అలాగే ఉన్నాయి. నా వైపు తిరిగారు.

"తమరు చెప్పిన బంగారం ఏదండీ" అన్నారు.

అప్పటికీ నాకు తెలియలేదు. నగలకు ఏదో అయిందని బాధపడుతూనే, కనీసం ఈ శుభవార్త అయినా ఆయనకు ఊరటగా ఉంటుందని రేకు తీసి గర్వంగా చేతికిచ్చాను. ఆయన గూట్లోంచి గీటురాయి తీసి, రేకు అంచును దాని మీద ఒక గీత గీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. చాలాసేపు చూశారు.

"మీరు కష్టపడి తీశారు, కాదనను. నిజం బంగారమే" అన్నారు. నేను తల వంచి నమస్కారం పెట్టబోయాను. "కానండీ, ఇది నా ఉంగరం."

అప్పుడు వెలిగింది నాకు. పెట్టె వెనక వైర్లు గుర్తొచ్చాయి. నిన్న నేను తిప్పిన కరెంటు, నా వదులు తీగలో సరిగ్గా పారనిది, ఇవ్వాళ నగల మీది పూత మొత్తం ఊడదీసి రేకు మీద పెట్టింది. పైగా మూడో కిళ్ళీ నేనే అందించాను. అంతా చెప్పాను. ఆయన పెట్టె వెనక్కి వెళ్ళి వైర్లు సరిచేసి, ఇంకో రేకు తగిలించి, వడ్డాణాన్ని మళ్ళీ తొట్టిలో వేశారు. ఈసారి కిళ్ళీ లేదు. నియమం వదిలేసి తొట్టి వంకే చూస్తూ నిలబడ్డారు. వడ్డాణం నల్లటి మచ్చలతో వచ్చింది. పట్టకారుతో తొట్టి అడుగున వెతికి ఒక్కొక్కటే బయటికి తీసి పాత పేపరు మీద వరసగా పెట్టారు. రిమోట్ స్ప్రింగు ఒకటి. ఇత్తడి మర ఒకటి. గడియారం పళ్ళ చక్రం. చివరికి టీవీ కంపెనీ పేరులోని అక్షరం ఒకటి వచ్చింది. దాని బంగారు రంగు నీళ్ళలోనే ఊడిపోయి తెల్ల ప్లాస్టిక్కు మిగిలింది.

"ఇదీ బంగారమేనాండీ" అని అడిగారు. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగారు. నాకు ఏడుపొచ్చింది.

అలికిడికి శ్రావణి వచ్చింది. ఎర్రగా ఉన్న తన నగల వంక చూసింది, పేపరు మీది స్ప్రింగు వంక చూసింది, నా వంక చూసింది. నన్ను ఏమైనా అంటుందేమో అని ఎదురుచూశాను. వాళ్ళ నాన్న పక్కన నేల మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఉంగరం ఉండే వేలి మీద ఇంకా తెల్లటి మచ్చ ఉంది. ఆ వేలు పట్టుకుని కూర్చుంది. ఆ తండ్రీకూతుళ్ళ ముందు నిలబడలేక పెరట్లోకి పోయి అరటిచెట్టు పక్కన నిలబడ్డాను.

నీళ్ళు పాడయ్యాయి. రేపు సాయంత్రం ప్రదర్శన. ఆ పరిస్థితిలో ఆ ఊళ్ళో మిగిలిన దారి ఒకటే, ఇంకొకరి తొట్టి. మా వీధి చివర కాళేశ్వరరావు గారి కార్ఖానా ఉంది. మావయ్యగారూ ఆయనా ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోరు. ఎవరి పూత ఎక్కువ కాలం నిలుస్తుందన్న మాట మీద మొదలైన తగాదా అది. మావయ్యగారు బనియను మీద చొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుని బయలుదేరారు. నగల బుట్ట నేను మోసుకుని వెనకే నడిచాను. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

కాళేశ్వరరావు గారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. నగలు చూశారు, నన్ను చూశారు. ఆయనకు అర్థమైపోయింది.

"రండి బావగారూ, కూచోండి. పూత ఎంత పెట్టమంటారు?"

"మీ ఇష్టమండీ" అన్నారు మావయ్యగారు.

ఆ "మీ ఇష్టమండీ" ఇరవై ఏళ్ళ తగాదాకు ముగింపు. ఓడిపోయింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. కాళేశ్వరరావు గారు తొట్టిలో నగలు దించి, ఫోనులో టైమరు పెట్టారు. మావయ్యగారు మొహం తిప్పుకున్నారు. కిళ్ళీ ఇవ్వబోతే వద్దన్నారు. నగలు చక్కగా పచ్చగా వచ్చాయి, నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చాయి. మావయ్యగారు వడ్డాణం చేతిలోకి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, బాగుందని చెప్పి దండం పెట్టారు.

ఆదివారం శ్రావణి బ్రహ్మాండంగా ఆడింది. నన్ను ముందు వరసలో కూర్చోవద్దంది. "నిన్ను చూస్తే నవ్వన్నా వచ్చుద్ది, ఏడుపన్నా వచ్చుద్ది, రెండూ నాకొద్దు బావా" అంది. అందుకని చివరి వరసలో స్తంభం వెనక కూర్చున్నాను. ప్రదర్శన అయ్యాక జనం మావయ్యగారి చుట్టూ మూగారు. పిల్ల బాగా ఆడిందన్నారు, నగలు ధగధగలాడాయన్నారు. ఒక పెద్దావిడ ఆగి, ఆ పూత ఆయనదేనా అని అడిగింది.

"కాదమ్మా, కాళేశ్వరరావు గారిది" అన్నారు ఆయన.

ఆ ఒక్క ప్రశ్నకు "నాదే" అని చెప్పుకోవడం కోసమే ఆయన ఉంగరం కరిగించారు. ఆ మాట ఆయన నోటి దాకా రాకుండా చేసినవాణ్ణి నేను. బోలెడు వెధవ పనులు చేశాను జీవితంలో, ఏదీ ఇంతగా కోయలేదు.

రేకు మీద బంగారం అలాగే ఉంది. అది తీయాలంటే నగల చోట రేకును వేలాడదీసి కరెంటు మళ్ళీ తిరగేయాలి. ఆ ఇంట్లో ఇకమీదట ఎవరూ వైర్లు తిప్పకూడదని అత్తయ్యగారు తీర్మానించారు. అందుకని మావయ్యగారు ఆ రేకును కడిగి, తుడిచి, చిల్లు పెట్టి, కార్ఖానా గుమ్మం పైన దేవుడి పటం పక్కనే మేకుకు తగిలించారు. ఇన్నేళ్ళయినా అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన బేరగాళ్ళు తల పైకెత్తి అదేంటని అడుగుతూనే ఉంటారు. మావయ్యగారు స్టూలు మీది నుంచి లేచి నిలబడి, నన్ను చేత్తో చూపించి, ఎంతో మర్యాదగా పరిచయం చేస్తారు.

"మా అల్లుడుగారు చెత్తలోంచి తీసిన బంగారమండీ."

కాబట్టి ఆ రేకు సాక్షిగా, నేను తిన్న రెండు బందరు లడ్డూల సాక్షిగా, ఈ జన్మలో చేతికందిన ఏ వస్తువునూ చూసి ఇది బంగారమని అననని ప్రమాణం చేస్తున్నాను. పాత సామాన్ల కొట్టు ఎదురైతే రోడ్డు అవతలి పక్కన నడుస్తాను. ఇంట్లో టీవీ రిమోటుకి బ్యాటరీలు మార్చాల్సి వస్తే, స్ప్రింగు ఎటుందో చూడకుండా, రిమోటు తీసుకెళ్ళి లత చేతికిస్తాను. ఎవరికీ, ఎంత ప్రేమ ఉన్నా, మూడో కిళ్ళీ అందివ్వను.